టాపెట్టు వదులైంది

ఎల్లారెడ్డిలో పోలీసు కాకుండా ఖాకీ కోటు వేసుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు. రాజయ్య పటేలు మోటారు నడిపే సీమోను. ఆ మోటారును నిజాంసాగర్ కట్టడం పూర్తయ్యాక వెళ్లిపోతూ ఒక ఇంజినీరు పటేలుకు అమ్మాడు. అప్పటికే దానికి చాలా వయసయింది. అంతకుముందు పటేలు బావి దగ్గర ఎడ్లతో మోట కొట్టిన సీమోను, ఇంజినీరుగారి డ్రైవరు వెంట పదిరోజులు తిరిగి బండి నడపడం నేర్చుకున్నాడు. ఏడేళ్ల నుంచి ఆ బండే అతని లోకం. ఎత్తు ఎక్కేటప్పుడు అది ఎక్కడ దగ్గుతుందో, పొద్దున్నే హ్యాండిలు ఎన్నిసార్లు తిప్పితే కళ్లు తెరుస్తుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలియాలని ఎవరూ కోరుకోలేదు కూడా.

అలాంటి బండిలో దసరా వెళ్లి రెండు వారాలు కాకముందే ఒక కొత్త చప్పుడు మొదలైంది. టింగు, టింగు, టింగు. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు కూడా కాదు, సన్నగా, గట్టిగా, సరిగ్గా సీమోను మోకాళ్ల ముందు. బండి నిలబడి ఉంటే వినీ వినపడనట్టు ఉంటుంది. పరుగెత్తితే చాలు, అందుకుంటుంది. సీమోను నట్లన్నీ బిగించాడు. నూనె మార్చాడు. దీపాలు ఊడదీసి చూశాడు. చివరికి బండి కింద వెల్లకిలా పడుకుని దాన్ని బతిమాలాడు కూడా. టింగు ఆగలేదు.

"నీ చేతకాకపోతే కామారెడ్డికి తీస్కపోదాం నడువు," అన్నాడు పటేలు. ఆ మాట సీమోనుకు చెంప మీద కొట్టినట్టే తగిలింది. అయినా తీసుకుపోయాడు.

కామారెడ్డి స్టేషను పక్కన యాకూబు మేస్త్రి రేకుల షెడ్డు ఉండేది. మోటార్ల పనిలో అతనిది పెద్ద పేరు. ఇంజను నడుస్తుండగా యాకూబు ఒక పొడుగు కర్ర కొనను దాని మీద ఆనించి, రెండో కొనను చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. పటేలు కుర్చీలో ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు.

"టాపెట్టు వదులైంది పటేలా," అన్నాడు మేస్త్రి కళ్లు తెరిచి.

టాపెట్లంటే ఇంజను లోపల తలుపుల్లా తెరుచుకుని మూసుకునే బిళ్లలను పైకి నెట్టే ఇనుప ముక్కలు. వదులైతే టకటకమంటాయి. మేస్త్రి అబద్ధమేమీ చెప్పలేదు, పాత ఇంజను కదా, అవి నిజంగానే కొంచెం వదులుగా ఉన్నాయి. వాటిని బిగించి పంపాడు. పటేలుకు మాత్రం ఆ మాట తెగ నచ్చింది. దారిలో ఎవరు ఎదురైనా బండి ఆపించి, "టాపెట్టు వదులైండె, బిగిపిచ్చుకొస్తున్న," అని చెప్పడం మొదలుపెట్టాడు. మూడో మనిషికి చెబుతుండగానే బండి వేడెక్కింది. చెప్పడం అయ్యి, కదిలి ఊపందుకుందో లేదో, టింగు.

పటేలు మొహం మాడిపోయింది. ఇల్లు చేరగానే దిగి, వాకిట్లో నిలబడి అరిచాడు.

"ఇగ నాతోని గాదు! టాపెట్టు వదులైందంటే బిగిపిస్తి. మళ్ల వదులైంది! ఎల్లుండి బాన్సువాడ షావుకారు వస్తుండు. ఇంజను ఊడదీస్కపోయి పిండిమిల్లుకు పెట్టుకుంటడట. ఇచ్చేస్త. ఎడ్లబండి ఉండనే ఉండె."

బండి పోతే సీమోనుకు మళ్లీ మోట ఉంటుంది, ఆకలికి చావడు. కానీ ఏడేళ్లు చూసుకున్న ఇంజను ఎక్కడో జొన్నపిండి దుమ్ములో రోజంతా గర్జిస్తూ చస్తుందంటే అతనికి ఏడుపొచ్చింది. అది చెప్పుకోవడానికి సిగ్గేసి, కోటు విప్పి భుజం మీద వేసుకుని ఇంటికి పోయాడు.

మరునాడు పొద్దున్నే సీమోను పటేలు ఇంటి వెనక బండి ఉంచే కొట్టానికి వచ్చి దాన్ని తుడుస్తున్నాడు. పటేలు తల్లి చంద్రవ్వ కొంగు చాటున మొహం దాచుకుని దొంగలా వచ్చింది. ఆ ఇంట్లో పటేలుతో సహా అందరూ భయపడే మనిషి ఆమె. ఆమె ఎవరికో భయపడడం సీమోను ఎన్నడూ చూడలేదు. చెవి మాత్రం కొంచెం మందం.

"సీమోనూ, నిన్న మావోడు ఏం వదులైందని ఒర్రిండు?"

"టాపెట్టవ్వా."

"నేనిన్నది నిజమే! తాయెత్తే!" చంద్రవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవలు చూసిండ్రు బిడ్డా?"

"కామారెడ్డి యాకూబు మేస్త్రి. చూడలే, కర్ర చెవుల పెట్టుకొని ఇని చెప్పిండు."

"ఇని చెప్పిండా! అమ్మో, వాడు మామూలోడు గాదు." ఆమె గొంతు తగ్గించింది. "మావోనికి మాత్రం చెప్పకు. పేపర్లు చదువుతడు గద, ఇసొంటియి అంటే అగ్గి మీద గుగ్గిలమైతడు."

"ఏం చెప్పొద్దవ్వా?"

"కట్టింది నేనని."

సీమోను చేతిలోని గుడ్డ కిందపడింది. "నువ్వు... టాపెట్టు కట్టినవా?"

"మరెవలు కడతరు? దసరనాడు బొట్టు పెట్టనీకి ముందటి రేకు లేపినవు సూడు, అప్పుడు కట్టిన. నల్లదారంతోని, ఏడు ముళ్లేసి. గంత తొందరగ వదులైతదని నాకేమెరుక?"

సీమోను రెండు మాటలనూ పెదాల మీద తిప్పుకున్నాడు. టాపెట్టు, తాయెత్తు. తాయెత్తు, టాపెట్టు. తరువాత పరుగున వెళ్లి ఇంజను మీది రేకు లేపాడు. ఇంజనుకూ, డ్రైవరు కాళ్లకూ మధ్య ఇనుప పలక ఉంటుంది. దాని ముందు, అడుగున, ఒక కడ్డీ. మసి అంటిన ఇంజను వెనక మసి అంటిన నల్లదారాన్ని ఏ కన్ను పట్టుకుంటుంది? భుజం దాకా చెయ్యి పెట్టి తడిమితే వేళ్లకు తగిలింది. వేడికి సాగిపోయిన దారం, దాని చివర రాగి తాయెత్తు. ఒకటి కాదు, రెండు. కదిలించగానే ఒకదానికొకటి తగిలి, పలకకు తగిలి, టింగుమన్నాయి.

అతనికి ప్రాణం లేచొచ్చింది. నవ్వు ఆపుకోలేక బండి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. చంద్రవ్వకు కోపం వచ్చింది.

"ఏందిరా నవ్వు? వానకాలం గాంధారి తొవ్వల మీ బండి కాలువల పడ్డనాడు నా పాణం నా దగ్గర ఉండెనా? అందుకే కట్టిన."

"మంచిగ చేసినవు గని, రెండెందుకవ్వా? రెండున్నయి గనకనే ఒకదానికొకటి కొట్టుకుంటున్నయి."

"ఒకటి మావోనికి."

"ఇంకోటి?"

"నీకు." ఇంత తెలివిలేని ప్రశ్న ఉంటుందా అన్నట్టు చూసింది ఆమె. "నువ్వు కట్టుకోవైతివి. మా పాస్టరు అయ్యగారు ఊకోడు, మేం చర్చికి పోయేటోళ్లం అంటివి. సరే, నీ చేతికొద్దు. బండికి కడితే మీ అయ్యగారికేం నొప్పి? పడితే ఇద్దరు పడతరు గద."

సీమోను నవ్వు అక్కడే ఆగిపోయింది. మోట కొట్టిన రోజుల్లో తన అన్నం గిన్నె ఆ ఇంటి గడప అవతలే ఉండేది. ఇప్పుడు తన పేరు మీద ఒక తాయెత్తు, పటేలు తాయెత్తు పక్కన, ఒకే దారానికి. కళ్లు తుడుచుకుంటే చేతి మసి చెంపలకు అంటుకుంది.

"విప్పెయ్యాల్నా?" అంది చంద్రవ్వ, బెరుకుగా.

"విప్పనవ్వా. దూరం దూరం కడితే సప్పుడు రాదు."

"దూరమెందుకు? కలిపి గట్టిగ కట్టు."

అతను రెండింటినీ పాత పంచె పేలికలో చుట్టి, కదలకుండా బిగించి, అదే కడ్డీకి మళ్లీ కట్టాడు. ముడి ఆమే వేయించింది, ఏడుసార్లు లెక్కపెట్టి.

మధ్యాహ్నం పటేలును ఎక్కించుకుని నస్రుల్లాబాద్ దారిన నాలుగు మైళ్లు తోలాడు. దగ్గు ఉంది, గురక ఉంది, టింగు లేదు. పటేలు నమ్మలేక రెండుసార్లు బండి ఆపించి మళ్లీ నడిపించాడు. ఇంటి ముందు దిగాక అడిగాడు.

"ఏం చేసినవురా? అసలేమైండె?"

సీమోనుకు అబద్ధం చెప్పడం ఇష్టముండదు. చంద్రవ్వ చెప్పొద్దన్న సంగతీ మరిచిపోలేదు. గడపలో నిలబడ్డ ఆమె వంక ఒకసారి చూసి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"తాయెత్తు వదులైండె పటేలా. బిగించిన."

"టాపెట్టు!" అన్నాడు పటేలు, మేస్త్రి అంతటి గొంతుతో. "తాయెత్తు కాదు, టాపెట్టు. ఏడేండ్ల సంది నడుపుతున్నవు, పేరన్న సక్కగ పలుకు. ఆ షావుకారును రావొద్దని కబురు పంపు."

చంద్రవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

"టాపెట్టు," అన్నాడు సీమోను వినయంగా, ఖాకీ కోటు గుండీలు పెట్టుకుంటూ. "రెండు వదులైనయి పటేలా. ఒకటి మీది, ఒకటి నాది."

పటేలు వినలేదు. అప్పటికే దారినపోయే ఎవరినో ఆపి చెబుతున్నాడు.