కాళ్ల కాడ చలి

కోహీర్‌లో బస్సు దిగేసరికి చంద్రప్ప చెవులు సలుపుతున్నాయి. పది దాటినా ఎండలో పస లేదు. భుజాన ఉన్న సంచిలో రేకు కత్తెర, స్క్రూలు బిగించే పేచ్‌కస్, అగరబత్తి పొట్లం ఉన్నాయి. జహీరాబాద్‌లో హైవే పొడుగునా బట్టల షాపులకు, ఫంక్షన్ హాళ్లకు ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు ముప్పై ఏళ్లుగా అతనే చేస్తున్నాడు. మొదటినుంచీ మాట తక్కువ. నాలుగేళ్ల కింద భార్య నాగవ్వ పోయినప్పటినుంచి ఆ కాస్త మాటతోనూ పని పడడం లేదు.

గ్లోరీ ఇంటి కింద సెల్లార్. ఎనిమిది మెట్లు దిగాలి. పెళ్లి చేసుకోకుండా కుట్టుపనితోనే యాభై దాటిన మనిషి ఆమె. పోయిన ఏడు ఆ సెల్లార్‌కు టైల్స్ వేయించి, గోడలకు చెక్క కొట్టించి, పైన ఫాల్స్ సీలింగ్ పెట్టించి, ఎనిమిది మిషన్లతో కుట్టు బడి తెరిచింది. కోహీర్ చలి కదా అని వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ తెప్పించింది. దాని గొట్టాలు, గాలి వచ్చిపోయే జాలీలు బిగించింది చంద్రప్పే.

"ఏందో గలగలమంటుందన్నా, జర చూడు" అంటే ఇప్పుడు వచ్చాడు.

చెప్పులు మెట్ల దగ్గర విడిచి లోపలికి వెళ్లాడు. పైన ఒక పేచు వదులైంది. ఐదు నిమిషాల పని. నిచ్చెన దిగి చూస్తే ఏడు మిషన్ల మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి.

"పిల్లలేరి?"

"ఎక్కడి పిల్లలన్నా! పోయిన చలికాలం ఒక్కొక్కలే బంద్ వెట్టిన్రు. మానస ఒక్కతె వస్తది." గ్లోరీ నవ్వబోయింది. "నా నోరు మంచిది కాదు. కుట్టు వంకర పోతే విప్పు, మళ్ల కుట్టు అంట. ఎవలు పడ్తరు? రెండు నెలల సంది నోరు కట్టుకున్న. మానస ఎట్ల కుట్టినా మంచిగుంది బిడ్డా అంటున్న. అయినా ఒక్కరు మళ్లి వస్తలేరు. పగలంతా ఈడ గడియారం చప్పుడే."

చంద్రప్ప నిచ్చెన మడిచి గోడకు ఆనించాడు. అతనికి తల మీద చెమట పడుతోంది, పాదాలు మాత్రం కొయ్యబారిపోతున్నాయి. నిరుడు పని చేసినప్పుడు ఇంకా టైల్స్ పడలేదు, కాలికి బూట్లున్నాయి. నిచ్చెన మీద నిలబడి జాలీ దగ్గర చేయి పెట్టి, వేడి వస్తోంది, బాగుంది అనుకుని వెళ్లిపోయాడు.

ఒక మిషన్ ముందు కూర్చుని ఇనుప పెడల్ మీద కాలు పెట్టాడు. పెట్టినంత వేగంగా తీసేశాడు.

సంచిలోంచి అగరబత్తి తీసి వెలిగించాడు.

"నా ఇంట్ల పూజ వెడ్తవా అన్నా? పాస్టరయ్యకు తెలిస్తే నన్ను చర్చి బయట నిలవెడ్తడు."

"పొగ జూస్తున్న."

తల ఎత్తున పట్టుకుంటే పొగ గబగబా సాగి, గాలిని వెనక్కి గుంజుకునే జాలీలోకి పోయింది. అదీ పైనే ఉంది, వేడిగాలి వచ్చే జాలీ పక్కనే. మోకాళ్ల దగ్గరికి దించితే పొగ దారంలా నిటారుగా లేచింది. కింద గాలి కదలడమే లేదు.

షాపులకు అట్లాగే పెడతాడు. చల్లగాలి తనంతట తనే కిందికి దిగుతుంది. వేడిగాలి దిగదు. కిందినుంచి గుంజితేనే వస్తుంది. ముప్పై ఏళ్లలో వేడి కావాలని అడిగింది ఈమె ఒక్కతే. అతను అలవాటు కొద్దీ చల్లగాలికి పెట్టినట్టే పెట్టాడు. పైనంతా ఉడుకుతుంటే కింద ఆ పిల్లలు ఉత్త కాళ్లతో ఇనుము తొక్కారు.

పేచు బిగిసింది. పదకొండున్నరకు బస్సుంది. ఏమీ అనకుండా మెట్లెక్కితే ఆమెకు ఎప్పటికీ తెలియదు. తన నోటినే తిట్టుకుంటూ ఉంటుంది.

అగరబత్తి సగం కాలింది.

"అమ్మా, నీ నోరు కాదు" అన్నాడు.

"ఏంది?"

"సాక్సులిప్పి గీ పెడల్ మీద కాళ్లు వెట్టు."

గ్లోరీ రోజంతా సాక్సులతో మిషన్ల మధ్య తిరిగే మనిషి. వింతగా చూసి, కూర్చుని, కాళ్లు పెట్టింది. పెట్టి తీయలేదు. అట్లాగే ఉండిపోయింది.

"తప్పు నాదే. జాలీలు కిందికి వెట్టాలె. పైన వెట్టిన."

"మూడు గంటలు కూసునేటోళ్లన్నా. ఒక్కతన్న చెప్పలే." కాళ్ల వైపే చూస్తూ అంది. "నేను చెప్పనిస్తె గద."

చంద్రప్ప మూడు రోజులు వచ్చాడు. నున్నటి చెక్క గోడలను కోస్తుంటే గ్లోరీ చూడలేక పైకి వెళ్లిపోయింది. మెట్ల వైపు గోడలోంచి వేడి గొట్టం దించి నేల దగ్గర జాలీ పెట్టాడు. ఎదుటి గోడకు, నేలకు జానెడు ఎత్తున, గాలిని వెనక్కి గుంజే జాలీ బిగించాడు. దానికి అడ్డంగా ఉన్న బట్టల బీరువాను ఇద్దరూ కలిసి పక్కకు జరిపారు.

"మళ్ల గీ జాలీ ముందర ఏది వెట్టకు."

మూడో రోజు మధ్యాహ్నం నేల దగ్గర అగరబత్తి పెడితే పొగ టైల్స్ మీద వాలి, పాకుతూ పోయి ఎదుటి జాలీలో దూరింది.

అప్పుడే మానస వచ్చింది. అలవాటుగా చెప్పులు విడిచి, కూర్చుని, తొక్కడం మొదలుపెట్టింది. ఏమి మారిందో ఆ పిల్లకు తెలియలేదు. చంద్రప్ప ఆమె కాలివేళ్లే చూస్తున్నాడు. ముడుచుకోలేదు.

గ్లోరీ వంగి బట్ట చూసింది. పెదవులు బిగబట్టింది. ఆగలేకపోయింది.

"విప్పు. మళ్ల కుట్టు."

"అగ్గో, ఇన్ని దినాలు మంచిగుంది బిడ్డా అంటిరి గద మేడమ్!"

"అప్పుడు అబద్ధం చెప్పిన. విప్పు."

మిగిలినవాళ్లకు గ్లోరీ ఫోన్లు చేసిందట. ఇద్దరు వేరే చోట చేరారు. ఒకామె పెళ్లయి రాయికోడ్ పోయింది. ఒకామె చూస్తానంది. ముగ్గురు ఎత్తనే లేదు.

"చాయ్ తాగి పో అన్నా."

"బస్సుంది."

సంచి భుజానికెత్తుకుని వచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. సెల్లార్ కిటికీ రోడ్డుకు సమంగా ఉంటుంది. అందులోంచి ఒక్క మిషన్ చప్పుడు, ఆగుతూ, మళ్లీ నడుస్తూ వినిపిస్తోంది. బస్సు వచ్చింది. కండక్టర్ తల బయటపెట్టి చూశాడు. చంద్రప్ప ఎక్కలేదు. ఇంటికి త్వరగా పోయి చేసేది లేదు. గంట ఆగితే ఇంకోటి ఉంది.