నోరులేని క్యాసెట్టు

జాలారిపేటలో పుట్టి, పడవెక్కితే వాంతి చేసుకునే మగవాడు దొరబాబు ఒక్కడే. వాడికి వేట నేర్పాలని తండ్రి చేసిన ప్రయత్నాలన్నీ సముద్రంలో కలిసిపోయాయి, వాడు తిన్న చద్దన్నంతో సహా. ఆఖరికి తల్లి పోతమ్మే చేపలబుట్ట నెత్తిన పెట్టుకుంటూ తీర్పు చెప్పేసింది: "ఆడ్ని ఒగ్గీండి. సేపలకి మేత ఎయ్యడానికి తప్ప ఆడు సంద్రంలోకి పనికిరాడు." అలా దొరబాబు చేతికి వలకి బదులు గిటారు వచ్చింది. పెళ్లిళ్లలో, సంబరాల్లో ఆర్కెస్ట్రాతో సినిమా పాటలు వాయించి బతికేవాడు.

తొంభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో, హార్బరు దగ్గర ఓడల నుంచి దిగిన సరుకు అమ్మే కొట్లో వాడికి ఒక అట్టపెట్టె కనబడింది. నిండా క్యాసెట్లు. ఏ దేశపు నావికుడో వదిలించుకుని పోయినవి. అట్టల మీద చెడ్డీలేసుకున్న దొరలు పలకల మీద నిలబడి కెరటాల మీద జారుతున్నారు. ఆ బ్యాండ్ల పేర్లు వాళ్ల సొంత వీధిలోనైనా నలుగురికి తెలుసా అన్నది అనుమానమే. ఒక బ్యాండువాళ్లయితే తమ ఊరికి సముద్రమే లేదని అట్ట వెనకాల గర్వంగా అచ్చేసుకున్నారు. అది చదివాక దొరబాబుకి వాళ్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

పోతమ్మ మాత్రం అట్టని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పలకెక్కి ఎక్కడికెల్తన్నార్రా ఈళ్లు?"

"ఎక్కడికీ ఎల్లరమ్మా. మళ్లీ ఒడ్డుకే వచ్చేత్తారు."

"సేపలో?"

"పట్టరు."

"మరెందుకెల్లినట్టు? ఇంట్లో పెళ్లాల పోరు పడలేకేటి?"

క్యాసెట్టు పెట్టాడు. గిటారు తీగని ఎవడో తేలు కుట్టినట్టు ఆపకుండా గీకుతున్నాడు. వెనకాల డ్రమ్ములు తరుముకొస్తున్నాయి. ఆ గిటారు మోత నూతిలో కూర్చుని వాయించినట్టు తడితడిగా ఉంది. పాడేవాడు లేడు. ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని చూస్తే రెండు వైపులూ అయిపోయాయి గానీ వాడు రాలేదు. కడుపులో తిప్పకుండా సముద్రం మీదకి వెళ్లిరావడం దొరబాబుకి పుట్టాక అదే మొదలు. పెట్టె ఖాళీ చేసేదాకా ఆ వారమంతా వాడు ఇంకో పని ముట్టుకోలేదు.

ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు కొట్టే అర్జునరావు ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఉక్కునగరం క్వార్టర్లో ఉంటాడు. షిఫ్టు దిగగానే అన్నం కంటే ముందు డ్రమ్ముల దగ్గరకి పోయే మనిషి. వాడికీ పిచ్చి అంటుకుంది. ఆ తడి మోత ఎలా వస్తుందని ఊళ్లో రేడియో మెకానిక్కులందర్నీ పీడించి చివరికి తెలుసుకున్నాడు. గిటారు శబ్దాన్ని స్ప్రింగుల గుండా పంపిస్తే అలా మోగుతుందట. వాడి పెళ్లాం పుట్టింటికి వెళ్లిన సమయం చూసి కిటికీ కర్టెన్ల స్ప్రింగులన్నీ ఊడబెరికాడు. వాటిని ఒక పాత రేకుపెట్టెలో బిగించి దొరబాబు యాంప్లిఫయరుకి తగిలించాడు.

"వాయించు బావా!"

వాయిస్తే గది మొత్తం తడిసిపోయినట్టనిపించింది. సంతోషం పట్టలేక అర్జునరావు పెట్టెనొక తన్ను తన్నాడు. ఆకాశం విరిగిపడినట్టు ఉరిమింది. పక్క క్వార్టరావిడ ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పరిగెత్తింది.

పుట్టింటి నుంచి తిరిగొచ్చిన ఇల్లాలు బోడి కిటికీలు చూసి ఏమందో ఇక్కడ రాయడం కుదరదు.

ఇక మిగిలిన చిక్కల్లా ఆర్కెస్ట్రా గాయకుడు ఉదయ్‌కుమార్. తన గొంతు విని కోయిలలు కూయడం మానేశాయని నమ్మే మనిషి. దొరబాబూ అర్జునరావూ తాము సొంతంగా కట్టిన బాణీలు వాయించి వినిపిస్తే కళ్లు మూసుకుని విన్నాడు.

"బావుంది. నేనెక్కడ అందుకోవాలి?"

"నువ్వు అందుకోవు బావా," అన్నాడు దొరబాబు.

"మరి నేనేం చెయ్యాలి?"

"ఇను."

ఉదయ్‌కుమార్ మైకు తీసుకుని వెళ్లిపోయాడు. అది వాడి మైకు కాదు కూడా.

అల్లిపురంలో ఒక చిన్న స్టూడియోలో ఇద్దరూ కలిసి క్యాసెట్టు రికార్డు చేశారు. 'కెరటం' అని పేరు పెట్టారు. పూర్ణామార్కెట్లో ఒక కొట్టువాడు మొహమాటానికి అమ్మకానికి పెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే దొరబాబుని పిలిచి క్యాసెట్ల కట్ట చేతిలో పెట్టేశాడు.

"కొన్నవాళ్లంతా తిరిగి తెచ్చీసేరు బాబూ. మాటలు పడలేదంట. డిఫెక్టు పీసులిచ్చేనని నన్ను తిట్టేరు. ఒక్కాయన మాత్రం తేలేదు."

"ఎవలాయన?" ఆశగా అడిగాడు దొరబాబు.

"ఉన్నాడులే, ఆయనకి సెవుడు."

దొరబాబు గిటారుని గోడకి తగిలించాడు. పెళ్లిళ్లకి కూడా వెళ్లడం మానేశాడు. రోజంతా ఇసుకలో కూర్చుని కెరటాలకేసి కోపంగా చూసేవాడు, బాణీ పాడుచేసింది అవే అయినట్టు.

మరుసటి ఏడు చందనోత్సవానికి పోతమ్మ సింహాచలం వెళ్లింది. వస్తూనే గుమ్మంలోంచే అరిచింది.

"ఒరే! నీ క్యాసెట్టుకి నోరొచ్చిందిరా!"

కొండ మీద కొట్లన్నిట్లో అదే పాటట. అదే గిటారు, అవే డ్రమ్ములు, దాని మీద ఉదయ్‌కుమార్ గొంతు: "చందనమీయవ అప్పన్నా, చల్లగ చూడవ అప్పన్నా." జనం కొబ్బరికాయల్తో పాటు ఆ క్యాసెట్లూ కొనుక్కుపోతున్నారట. కెరటం క్యాసెట్టు మీదే వాడు తన పాట పూసేశాడన్నమాట.

అర్జునరావు డ్రమ్ము కర్రలు పట్టుకుని బయల్దేరాడు. ఇద్దరూ కలిసి గాజువాకలో టీ కొట్టు దగ్గర ఉదయ్‌కుమార్‌ని పట్టుకున్నారు. వాడేమీ తొణకలేదు.

"మీ బాణీ దిక్కూమొక్కూ లేకుండా పడుంది. నేను దానికి మాటలిచ్చి దేవుడి దగ్గర చేర్చాను. దండం పెట్టాల్సింది పోయి కర్రలు తెస్తారా?"

"అప్పన్నకి మా పేర్లు సెప్పేవా?" అన్నాడు అర్జునరావు.

"ఆయనకి తెలీనిదేముంది!" అని, ఉదయ్‌కుమార్ గొంతు తగ్గించాడు. "ఉక్కునగరంలో చవితి పందిట్లో ప్రోగ్రాం ఒప్పుకున్నాను. ఆ తడి మోత ఎవడికీ రావట్లేదు. మీరు ఆ రేకుపెట్టె పట్టుకుని రావాలి."

అర్జునరావు కర్ర ఎత్తాడు గానీ దొరబాబు ఆపాడు. "వత్తాం. నువ్వు ఒక్కసారి పల్లవి పాడు. తర్వాత మేం వాయిత్తాం. నాను తలూపీదాకా నువ్వు నోరు తెరవకూడదు."

"ఎంతసేపు?"

"కుసింతసేపే."

చవితి పందిరి ఆ సాయంత్రం కిక్కిరిసింది. పోతమ్మ ముందు వరసలోనే కూర్చుంది. ఉదయ్‌కుమార్ పల్లవి పాడాడు, జనం చప్పట్లు కొట్టారు. ఒప్పందం ప్రకారం నోరు కట్టేసుకుని, కళ్లు మూసి చేతులు జోడించాడు. దొరబాబు గిటారు అందుకున్నాడు. అర్జునరావు పెట్టెని తన్నాడు. ఉరిమింది. కమిటీ ప్రెసిడెంటు పందిరి బయటికి వెళ్లి ఆకాశం చూసొచ్చాడు.

మొదటి బాణీ అయింది. ఆపకుండా రెండోది ఎత్తుకున్నారు. ఉదయ్‌కుమార్ భక్తిలో మునిగిపోయాడని ముసలాళ్లు ముచ్చటపడ్డారు. మూడోదానికి వెనక నుంచి ఈలలు మొదలయ్యాయి.

"పాడవయ్యా! జీతం తీసుకోనేదా?"

ఉదయ్‌కుమార్ ఒక కన్ను తెరిచాడు. చెయ్యి మెల్లగా మైకు వైపు పాకింది. దొరబాబు కాళ్ల కింద స్టేజీ పడవలా ఊగింది. ఆపేద్దామా అనుకున్నాడు.

అప్పుడు లేచింది పోతమ్మ. జుట్టు విరబోసుకుంది. "హోయ్" అని ఒక్క కేక పెట్టి స్టేజీ ముందుకొచ్చి ఊగడం మొదలుపెట్టింది. పూనకం, పూనకం అంటూ జనం జరిగి దారిచ్చారు. ఎవరో పసుపునీళ్లు తెచ్చారు, ఎవరో కర్పూరం వెలిగించారు. పోతమ్మ వేలు సూటిగా ఉదయ్‌కుమార్ మీదకి పోయింది.

"నోరిప్పేవంటే ఊరుకోను! ఆ వాజింపు ఆగిందంటే ఊరుకోను!"

ప్రెసిడెంటు స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు. "అమ్మోరే వద్దంతంటే నీకేటయ్యా? నోర్మూసుకుని నిలబడు!"

ఇంకేముంది! కెరటం క్యాసెట్టు రెండు వైపులూ వాయించారు. అయిపోతే మళ్లీ మొదట్నుంచి వాయించారు. కుర్చీలు వెనక్కి నెట్టేసి షిఫ్టు దిగినవాళ్లూ, ఎక్కాల్సినవాళ్లూ కూడా ఎగిరారు. అర్జునరావు అరచేతులు బొబ్బలెక్కాయి. ఉదయ్‌కుమార్ జోడించిన చేతులు దించే ధైర్యం లేక అలాగే నిలబడ్డాడు.

అంతా సద్దుమణిగాక దొరబాబు తల్లికి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

"నీకెప్పుడూ పూనకం రానేదు కదమ్మా?"

పోతమ్మ అటూ ఇటూ చూసి, జుట్టు ముడేసుకుంది.

"పూనకమూ నేదు, గీనకమూ నేదు. ఆ ఎదవ నోరు తెరిసీసేలాగున్నాడు. మరేటి సెయ్యమంతావ్?"

ఆ తర్వాత కెరటం క్యాసెట్లు అమ్ముడుపోయాయి. జాతరలకి కబుర్లొచ్చాయి. మనుషులు వచ్చింది పాట కోసమా పూనకం కోసమా అన్న బాధ దొరబాబుని కొన్నాళ్లు పీకింది. పోతమ్మ మాత్రం ఇంకే జాతరకీ రానంది. మోకాళ్లు పట్టేశాయట. అయినా పర్వాలేకపోయింది. అనకాపల్లి అవతల ఒక ఊళ్లో ముక్కూమొహం తెలియని ముసలాయన ఎవరూ పూనకుండానే లేచి, తెల్లపంచె ఎగ్గట్టి, తనకి తోచినట్టు గెంతాడు. దొరబాబు ఆయన్ని చూస్తూ తీగ మీద చెయ్యి తియ్యకుండా వాయిస్తూనే ఉన్నాడు.