ముందు గుంటలో పెంకులు

నా కొంప ముంచింది తవ్వకాల ఆఫీసు కాదు, మా మైకు బావ. అక్క మొగుడు. మ్యూజియంలో ప్రచారం పని ఆయనది. తవ్వకాల్లో దొరికినవాటి గురించి బడి పిల్లలకి చెప్పడం, ఫోన్లో వీడియోలు తీసి పెట్టడం, ఆదివారాలు జనాన్ని పోగేసి చూపించడం. ఎదురుగా ఇద్దరు నిలబడితే చాలు, గొంతు సవరించుకుంటాడు. అందుకే ఆ పేరు. పెట్టింది నేనే.

నాది బళ్ల రిపేరు పని. ఏడో తరగతిలో బడి మానేసి స్పానర్ పట్టుకున్నాను. ఆ సంపాదనంతా ఒక స్థలంలో పోశాను. నడుమ రెండు గదుల ఇల్లు, వెనక ఖాళీ, రోడ్డు వైపు ఖాళీ. రోడ్డు వైపు సొంత షెడ్డు వేసుకోవాలని నా కోరిక. అద్దె షెడ్డులో ఎన్నాళ్లని ఒకడి మాట పడతాం?

వెనక మరుగుదొడ్డికి గుంట తవ్విస్తుంటే కాల్చిన మట్టి వరలు బయటపడ్డాయి, ఒకదాని మీద ఒకటి పేర్చి. ఎప్పటిదో పాత బావి. మనవాడే కదా అని ముందు బావకే చెప్పాను. సాయంత్రానికల్లా వీడియో, మర్నాటికల్లా జనం, వారం తిరక్కుండా మేకులూ తాళ్లూ పట్టుకుని తవ్వకాల ఆఫీసు వాళ్లు.

వాళ్లకి పెద్ద ఒక మేడమ్. మంచి మనిషే, అబద్ధం ఆడకూడదు. నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. వెనక భాగం ఎలాగూ కంచె లోపలికి పోతుందట. ముందు భాగంలో ఒక గుంట తవ్వి చూస్తారట. అడుగున ఎవరూ కదపని మట్టి తగిలేదాకా ఏమీ దొరక్కపోతే అది నాకు వదిలేస్తారు. దొరికితే అదీ కంచె లోపలికే.

పెళ్లిచూపుల్లో కూడా నేనంత గుచ్చి చూడలేదు, ఆ గుంటని చూసినట్టు. మోకాలి లోతు, ఏమీ లేదు. తొడ లోతు, ఏమీ లేదు. తవ్వేవాళ్లకే నా మీద జాలి పుట్టి, పార్టీ ఎప్పుడు మేస్త్రీ అని అడగడం మొదలుపెట్టారు. శనివారానికి నడుం లోతుకి దిగారు. సోమవారం ఇంకో మూరెడు తవ్వితే అయిపోతుందంది మేడమ్.

ఆ మధ్యలో వచ్చిన ఆదివారమే నన్ను తినేసింది.

బావ బడి పిల్లల్ని తీసుకొచ్చాడు. మామూలుగా అయితే చెక్కపెట్టెల్లో ఇసక పోసి, పనికిరావని పక్కన పోసిన కుండ పెంకులు అందులో దాచి, పిల్లలతో తవ్విస్తాడు. ఆ రోజు మేడమ్ సెలవు. పెట్టెల్లో తవ్వితే వీడియోలో బొమ్మలాటలా ఉంటుందని బుర్రలో పురుగు తొలిచిందాయనకి. నా ముందు గుంటలోకి దిగి, అడుగు మట్టి గుల్ల చేసి, వెనక కుప్పలోంచి తెచ్చిన పెంకులు పాతిపెట్టి, పిల్లల్ని దింపాడు. నన్నేమో వీధి మొగలో బళ్లు సర్దమన్నాడు. పిల్లల కేకలు వినపడి, పెట్టెల దగ్గర కాబోలు అనుకున్నాను. పాతినవన్నీ పైకి వచ్చాయా లేదా అని ఆయన చూసుకోలేదు. ఆ రాత్రి వాన పడి గుల్ల మట్టి అణిగిపోయింది.

సోమవారం పార టక్కుమంది. మేడమ్ స్వయంగా దిగి కుంచెతో తుడిచింది. ఒకటి, పక్కన ఇంకొకటి, మూలన ఇంకో రెండు. పైకి వచ్చి నా మొహం చూడలేకపోయింది.

సాయంత్రం బావ షెడ్డుకొచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు. ఆయన గొంతు అంత చిన్నది కాగలదని నాకప్పటిదాకా తెలీదు.

"అవి నేను పెట్టినవేరా."

చేతిలో స్పానర్ ఉంది. కింద పెట్టేశాను. "పోయి ఆవిడతో చెప్పు బావా."

"చెబితే రేపట్నుంచి నీ పక్కన కూర్చుని గ్రీజు పూసుకోవాల్సిందే."

"పూసుకో. నేను పూసుకోవట్లేదూ?"

ఒకచోట దొరికింది ఇంకోచోట పెట్టడమంటే వాళ్ల ఆఫీసులో దొంగతనం కన్నా పెద్ద నేరమట. ఉద్యోగం ఊడుతుందట, పింఛను పోతుందట. వీడియో అప్పటికే చెరిపేశాడు. కావాలంటే నువ్వే చెప్పు, నేను కాదనను అన్నాడు. ఎంత తెలివో చూడండి, ఉరితాడు తెచ్చి నా చేతిలో పెట్టి పోయాడు.

మర్నాడు అక్క వచ్చింది. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టింది అక్కే. ముందు మొగుణ్ణి కడుపారా తిట్టింది. తర్వాత మంచినీళ్లు తాగి నాతో అంది:

"చెప్పుకోరా. నీ తప్పేముంది? కాకపోతే ఆయన జీతం ఆగిన రోజునుంచి మేం నలుగురం నీ రెండు గదుల్లోనే."

"ఎవరు ఎక్కడ పడుకుంటారో అది కూడా చెప్పండి వదినా," అని వంటింట్లోంచి మా ఆవిడ.

కొలతల రోజు రానే వచ్చింది. టేపు ఒక కొస మేడమ్ పట్టుకుంది, రెండో కొస బావ. ఆవిడ ఉన్నట్టుండి ఆగింది. "ఈ పెంకులు ఇక్కడికెలా వచ్చాయో నాకూ అంతు చిక్కడం లేదండీ. వెనక ఇలాంటివి దొరికిన లోతుకీ దీనికీ పొంతనే లేదు. మీకేమైనా తెలుసా? అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

నేను ఇంటి వైపు చూశాను. గుమ్మంలో అక్క, మా ఆవిడ పక్కన, తల వంచుకుని నిలబడి ఉంది. తిట్టినా బాగుండేది, అడిగినా బాగుండేది.

"ఏం లేదండి," అన్నాను.

ఇప్పుడు ఇంటికి ముందు కంచె, వెనక కంచె. నడిచేందుకు పక్కన మనిషి పట్టే సందు. స్థలం నా పేరు మీదే ఉంది, పన్ను నేనే కడుతున్నాను. అమ్మడానికి లేదు, మేకు దిగ్గొట్టడానికి లేదు. జనం కిటికీల్లోంచి తొంగి చూస్తారని ఎండాకాలం కూడా మా ఆవిడ తలుపులు బిగించే ఉంచుతుంది. నేను అదే అద్దె షెడ్డులో అవే మాటలు పడుతున్నాను. ఆదివారం వస్తే బావ గొంతు మళ్లీ లేస్తుంది. మన ప్రాంత చరిత్ర కోసం స్థలాన్ని త్యాగం చేసిన మహానుభావుడని నన్ను చూపిస్తాడు. వచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు. ఫోటో తీస్తారు. నేను చెయ్యెత్తుతాను, ఏం చెయ్యను?

వెనకది బావి కోసం పోయింది, దానికి నేను ఏడవను. బావ పాతిన పెంకుల కోసం పోయింది రోడ్డు వైపు ఇరవై రెండు అడుగుల ముఖం, అరవై అడుగుల పొడుగు. మొత్తం నూట నలభై ఆరు గజాల ఆరు అడుగులు.