రెక్క పైనా, కిందా?

సత్యారావు కళ్ళకి పొర కమ్మి మూడేళ్ళయింది. మనుషులు పొగలోంచి నడిచొస్తున్నట్టు కనిపించేవారు. ఆపరేషన్ మాటెత్తితే చాలు, లేచి బయటికెళ్ళిపోయేవాడు. స్టీల్ ప్లాంటులో తనతో పనిచేసిన మనిషొకడు ఏదో ఊళ్ళో కంటికి కత్తి పెట్టించుకుని, ఉన్న కాస్త చూపూ పోగొట్టుకున్నాడు. ఆ భయం ఈయన మనసులో పాతుకుపోయింది.

ఆ ప్లాంటులో చేరకముందు ఆయన తొమ్మిదేళ్ళు వాయుసేనలో విమానాల ఇంజిన్లు విప్పి బిగించినవాడు. రిటైరయ్యాక, రాయపూర్ దగ్గరి ఆ ప్లాంటు కాలనీలో, సెక్టర్ 6లోని కొడుకు క్వార్టరు మేడ మీద మడతకుర్చీ వేసుకుని ఆకాశం చూడ్డమే ఆయన పని. చూపు తగ్గాక చెవులతో పట్టేవాడు.

"ఇది రాయపూర్ బోయింగు. ఇవాళ లేటు."

"ఇది బొంబాయి నుంచి కలకత్తా పోతంది. శానా ఎత్తులో ఉంది."

ఎప్పుడూ తప్పేది కాదు.

భార్య గున్నమ్మ మేడ మీదికొచ్చేది వడియాలు ఆరబెట్టుకోడానికి. విమానాల గొడవ ఆమెకి పట్టేది కాదు. అయితే ఒకరోజు ఆయన మొహం పైకెత్తి వెతుక్కోవడం చూసి ఉండబట్టలేక, "రెక్కల కింద రెండు దొండకాయలు ఏలాడేసుకుని ఎల్తందండీ," అంది.

"దొండకాయలు కావే, ఇంజిన్లు! తోకెలాగుంది, సెప్పు?"

అప్పట్నుంచీ ఆమె చూసేది, ఆయన వినేవాడు.

తొంభై ఆరు చలికాలంలో ఓ మధ్యాహ్నం, సన్నటి ఈలలాంటి మోత తక్కువ ఎత్తులో దగ్గరికొచ్చింది. సత్యారావు కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఆవ్రో ఇమానం! ఈ సేతుల్తో ఇప్పిన ఇంజిన్లే! సూడు, రెక్క పొట్ట కిందనుంటాది."

గున్నమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "కాదండీ. రెక్క పైనుంది. కిటికీలన్నీ దాని కిందున్నాయి."

"నీకేటి తెలుసే? నేను సెప్తన్నాను కదా, కిందే!"

"మీకు ఇనబడింది మీరు సెప్పండి. నాకు కనబడింది నేను సెప్తాను," అని ఆమె వడియాల పళ్ళెం తీసుకుని మెట్లు దిగిపోయింది.

రెండు రోజులు ఆయనకి అన్నం సయించలేదు. మూడోనాడు ఆమెనే వెంటబెట్టుకుని, నెహ్రూ నగర్‌లో ఉండే ఇంజినీరు భుజంగరావు ఇంటికి టెంపోలో వెళ్ళాడు. ప్లాంటు పక్కన విమానాలు దిగే చిన్న రన్‌వే సంగతులన్నీ ఆ ఇంజినీరుకి తెలుస్తాయి.

"అది ఫోకర్ విమానం కదా, సత్యారావుగారూ," అన్నాడు భుజంగరావు. "మీరు మోత పట్టుకున్నది సరిగ్గానే, ఆవ్రోకీ దీనికీ ఇంజిన్లు ఒకటే. ఫోకర్‌కి రెక్క మాత్రం పైనుంటుంది."

గున్నమ్మ టీ గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది. దెప్పుతుందేమోనని ఎదురుచూసిన సత్యారావుకి ఆమె దెప్పకపోవడమే ఎక్కువ తగిలింది.

తిరుగుదారిలో టెంపోలో ఆమె వైపు తిరిగాడు.

"గున్నమ్మా, అదే ఇంజిను, అదే ఈల. సెవులొక్కటే సాలవే."

"మరైతే?"

"రేపో మాపో ఆసుపత్రికి తీస్కెళ్ళు."

రేపటి వరకూ ఆగితే ఈ మనిషి ఏమంటాడో ఆమెకి తెలుసు. ముందుకి వంగి డ్రైవర్ భుజం తట్టింది. "భయ్యా, సెక్టర్ 9 అస్పతాల్ చలో!"

ఒక కంటికి ఆపరేషన్ జరిగిన రోజు థియేటర్ తలుపు దాకా ఆమె ఆయన చెయ్యి వదల్లేదు. మర్నాడు డాక్టరమ్మ కట్టు విప్పింది. సత్యారావు రెప్పలు కొట్టుకుంటూ, ఎదురుగా నిలబడ్డ భార్యని ఎగాదిగా చూశాడు.

"నీ జుట్టు ఇంతలా ఎప్పుడు నెరిసిందే?"

"మీరు ఇమానాలు ఇంటన్నప్పుడు."

డాక్టరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. కాసేపు అలాగే చూసి, డాక్టరమ్మ వైపు తిరిగి రెండో కన్ను సంగతి అడిగాడు. "దూస్రీ ఆంఖ్ కబ్ కరేంగే, మేడమ్?"

నెల తర్వాత, నల్ల కళ్ళద్దాలతో మళ్ళీ మేడెక్కాడు. ఆకాశంలో ఏదో మోత మొదలైంది. తలెత్తి చూసి చెప్పబోతుంటే, గున్నమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకునుంది.

"ఉండండి, సెప్పకండి. నన్ను ఇననివ్వండి."