పలకరాయిలో మాట

కల్లంలో మిరపకాయలు ఎండబెట్టిన ప్రతి ఏడూ ప్రేమమ్మే వాటిని తిరగేసేది. ఈ ఏడు ఆ పని కూతురు జెస్సీ మీద పడింది. ప్రేమమ్మకు ఊపిరితిత్తుల్లో గడ్డ; ఇక ఇంటికి తీసుకెళ్లమన్నాడు ఒంగోలు డాక్టరు. ఆమె పందిరి గుంజకానుకుని, మొగుడి రాయి ఒళ్లో పెట్టుకుని, కాయలు తిరగేయడం చేతకాదని కూతుర్ని తిడుతోంది. ఒళ్లు చిక్కి సగమైనా నోరు మాత్రం నిక్షేపంలా ఉంది.

ఆ పల్లెలో ఎవరి ప్రాణం పోతున్నా నోటికి నల్ల పలకరాయి ఆనిస్తారు. ఆఖరి ఊపిరీ ఆఖరి మాటా అందులోకి పోయి దాక్కుంటాయి. రాయి పగలగొడితే బయటికొస్తాయి, కానీ ఒక్కసారే. అందుకని దాన్ని పదిలంగా దాచుకుంటారే గాని ఎవరూ పగలగొట్టరు.

పత్తి దెబ్బతిన్న ఏడు ప్రేమమ్మ మొగుడు ఇమ్మానియేలు చేలోనే పురుగుమందు తాగాడు. ఊళ్లో ఆటో నడిపే మాబు ఇంటికి తెచ్చేసరికి పెదాలు కదులుతున్నాయి. పోతున్నాడన్నారు అందరూ. ప్రేమమ్మ రాయి ఆనించింది. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. ప్రాణం తీసుకున్నవాడని చర్చి సంఘం అతన్ని సమాధుల దొడ్డి గోడ బయట పెట్టింది.

మొగుణ్ణి లోపలికి మార్పించి, అతని పక్కనే తానూ పడుకోవాలని ప్రేమమ్మ కోరిక. పోయేటప్పుడు దేవుణ్ణి క్షమాపణ అడిగి ఉంటే మారుస్తామన్నారు సంఘపెద్ద కరుణాకర్ గారు. ఆదివారం ప్రార్థన కాగానే, రాయి పగలగొట్టించి వినడానికి పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు.

జెస్సీది గ్యాస్ బోరు దగ్గర ఉద్యోగం, లోతులోంచి తీసిన రాళ్లను పెట్టెల్లో సర్దడం. ఆ అమ్మాయి ముందే చెప్పింది.

"ఓపిక పట్టాలండీ. ఈ రాయి నిండా కంటికి ఆనని బొక్కలుంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి దారుండదు. కొట్టగానే పగుళ్లలో ఉన్నదే వస్తుంది. లోపల గోడలకు అంటుకున్నది నిదానంగా ఊడొస్తుంది. మా బోర్లో గ్యాసూ అంతేనండి."

"ఎంతసేపమ్మా?"

"సాయంత్రం కావచ్చండి."

"అద్దంకిలో పెళ్లికెళ్లాలి తల్లీ," అంటూ ఆయన సుత్తి అందుకున్నారు.

ప్రేమమ్మ లాక్కుంది. "నా మొగుడి రాయి. నేనే కొడతా."

రాయి పగిలింది. పురుగుమందు కంపు గుప్పుమంది. వెనకే చిన్న దగ్గు వినపడింది. పెద్దలు ముక్కులకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"మాటేం లేదు ప్రేమమ్మా. ఏమనుకోకు," అని వెళ్లిపోయారు. ఎన్నో ఏళ్లు ఆగిన మాట కోసం విందు భోజనం సాయంత్రం దాకా ఆగలేకపోయింది.

ప్రేమమ్మ ముక్కల్ని చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది. ఎండ దిగేవేళకు మాట కొంచెం కొంచెంగా ఊడొచ్చింది. తల్లీకూతుళ్లిద్దరికీ వినపడింది.

"ప్రేమా... ఆసుపత్రికి తీసుకెళ్లవే... బతకాలనుంది."

జెస్సీ ఏడుస్తూ లేచింది. "పెద్దల్ని పిలుచుకొస్తానమ్మా."

"పిలిచి ఏం చెబుతావే? కూర్చో." ప్రేమమ్మ వాకిలి వైపు చెయ్యి చూపింది. "ఆ రోజు ఆటో ఇక్కడే ఉంది, జెస్సీ. మాబు ఇంజను కూడా ఆపలేదు. నేను రాయి కోసం లోపలికి పరిగెత్తాను."

చీకటి పడ్డాక కూతుర్ని దగ్గరికి పిలిచింది. "నన్నూ గోడ బయటే పెట్టు, మీ నాన్న పక్కన. నా నోటికి మాత్రం రాయి ఆనించొద్దు."

ఈస్టర్ ముందు ఆమె పోయింది. ఇరుగుపొరుగు రాయి తెచ్చారు. జెస్సీ దాన్ని పక్కకు నెట్టి, తల్లి పెదాలకు తన చెవి ఆనించి కూర్చుంది.