వెనక లైటు

దేవరాజ్ ముందు చక్రానికి గాలి కొట్టి, బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. చాలలేదు. మళ్లీ పంపు తగిలించాడు. హెబ్బగోడిలో అతనుండేది ఒకటే గది. సైకిలు మంచానికీ గోడకూ మధ్య నిలబడుతుంది. ఆదివారం తెల్లవారుజామున దాన్ని బయటికి తీయాలంటే ముందు మంచాన్ని కాలితో జరపాలి, తర్వాత హ్యాండిల్ తిప్పాలి. పక్క గదుల్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పడుకుని ఉంటారు. పెడల్‌కు తగులుకోవడానికి అతని బూట్ల అడుగున ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. వేసుకుని దిగితే మెట్లన్నీ టకటకమంటాయి. అందుకని బూట్లు చేత్తో పట్టుకుని దిగాడు.

చక్రాలు కొత్తవి, కార్బన్‌వి. నిన్న సాయంత్రం బిగించుకుని, చువ్వల్ని ఒక్కొక్కటే వేలితో మీటి చూశాడు. ఆనేకల్‌లో అతని నాన్న మగ్గం మీద పడుగు పోగుల్ని అలాగే మీటేవాడు.

ఆ సైకిలుకు అతను దుకాణంలో కొన్న మొదటి వస్తువులు అవే. మిగతావన్నీ లలిత్ దగ్గర తీసుకున్నవి. లలిత్ ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏటా ఏదో ఒకటి మారుస్తాడు. ఒక ఏడు గేర్లు మార్చాడు, ఒక ఏడు హ్యాండిల్, ఒక ఏడు ఫ్రేమే మార్చేశాడు. విప్పేసినవి దేవరాజ్‌కు వస్తాయి. పోయిన ఏడు లలిత్ తొక్కిన బండినే ఈ ఏడు దేవరాజ్ తొక్కుతాడు.

ఈ ఏడు లలిత్ ఏమీ మార్చలేదు. పైగా కొన్ని నెలలుగా తళి రోడ్డు మిట్ట దగ్గర వేగం పెంచి ముందుకు వెళ్లిపోతున్నాడు. దేవరాజ్ రొప్పుతూ పైకి చేరేసరికి ఫోన్లో మాట్లాడుతూ ఉంటాడు. తలెత్తి చూడడు. కుర్రవాడికి విసుగొచ్చిందనుకున్నాడు దేవరాజ్. విసుగొచ్చినవాడు ఒక ఆదివారం రాడు, తర్వాత ఇంకో ఆదివారం రాడు, ఆ తర్వాత అడగడానికి కూడా ఏమీ ఉండదు. ఆ మిట్ట మీద వెనకబడకూడదని చక్రాలు కొన్నాడు.

మిగతా రోజుల్లో అతను బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉంటాడు. జాలీ కిటికీ కింద చెయ్యి పట్టేంత సందు ఉంది. ఆ సందులోంచి గ్లౌజులు ఇస్తాడు, డ్రిల్లు బిట్లు ఇస్తాడు. అవతల ఉన్నవాళ్లను చేతుల్ని బట్టి గుర్తుపడతాడు. ఆదివారం మాత్రం అతని ముందు ఒక వీపు, దాని కింద, సీటు గొట్టానికి కట్టిన ఎర్ర లైటు ఉంటాయి.

చాలా ఏళ్ల కిందట దేవరాజ్ మామూలు సైకిలు మీద ఆనేకల్‌లో అక్క ఇంటికి పోతుంటే, పక్కనుంచి దాటుతూ లలిత్ అన్నాడు: "నా వెనకే రా అన్నా, గాలి తగలదు." అప్పటినుంచీ వెనకే వెళ్తున్నాడు. ముందువాడు గుంత కనిపిస్తే చెయ్యి కిందికి చాపి వేలితో చూపిస్తాడు. వెనకవాడు రోడ్డు చూడక్కర్లేదు, చెయ్యి చూస్తే చాలు.

ఈ ఆదివారం కూడా చందాపుర సర్కిల్ దగ్గర లలిత్ నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తి, బయలుదేరాడు. ఆనేకల్ దాటారు. మిట్ట మొదలైంది. లలిత్ సీటు మీంచి లేచి తొక్కాడు. దేవరాజ్ కూడా లేచాడు. ఎర్ర లైటు జానెడు దూరం జరిగింది, మళ్లీ దగ్గరికొచ్చింది. సగం ఎక్కాక లలిత్ వెనక్కి తిరిగి చూశాడు. ఇంకోసారి చూశాడు. పైకి ఇద్దరూ కలిసే చేరారు.

అక్కడ టీ బంకు అక్కయమ్మది. నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏమప్పా దేవరాజూ, ఈ పొద్దు ఇద్దురూ ఒగటేసారి వచ్చినారే! ఎప్పుడూ ఆయప్ప తాగిన గ్లాసు ఆరినంక గదా నువ్వొచ్చేది."

"చక్రాలు మార్చినానక్కా."

"చక్రాలా, కాళ్లా?"

లలిత్ రిమ్ము మీద చెయ్యి వేసి చూశాడు. "సూపర్ ఉన్నాయన్నా. ఎప్పుడు తీసుకున్నావ్? నాకు చెప్పనేలేదు."

"నువ్వు ఈ యేడు ఏమీ తీయకపోతివి గదప్పా. సుమ్నే, ఊరికే నేనే తీసుకుంటి."

లలిత్ టీ గ్లాసును బల్ల మీద పెట్టాడు.

"అన్నా, నీకు చెప్పాలి. వర్షిణికి హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది. నేనూ ట్రాన్స్‌ఫర్ తీసుకున్నా. బుధవారం ప్యాకర్స్ వాళ్లు వస్తున్నారు."

వర్షిణి లలిత్ భార్య. దేవరాజ్ ఆమెను ఫోన్లో ఫోటోగా చూశాడు.

"ఈడ నిలబడి ఫోన్లో మాట్లాడతా ఉండింది దానికేనా?"

"ఇంకేముంది? నువ్వు పైకొచ్చేలోపు అక్కడి ఇంటి బ్రోకర్‌తో ఒక కాల్ అయిపోయేది. ఇవాళ ఆ గ్యాప్ కూడా ఇవ్వలేదు నువ్వు." లలిత్ నవ్వాడు.

దేవరాజ్ కూడా నవ్వాడు. తర్వాత అడిగాడు: "బండి?"

"జిగనిలో ఒకతను మొత్తంగా తీసుకుంటున్నాడు. ఇటునుంచి ఇటే వెళ్లి ఇచ్చేసి, క్యాబ్‌లో పోతా."

"మంచిది. బండి ఊరికే ఉండకూడదు."

అక్కయమ్మ గ్లాసులు తీసుకుంది.

ఆనేకల్‌లో జిగని రోడ్డు చీలేచోట ఇద్దరూ దిగారు. లలిత్ తన సీటు గొట్టానికున్న రబ్బరు పట్టీ లాగి, లైటు తీసి, దేవరాజ్ సీటు కింద తగిలించాడు.

"ఇది బేరంలో లేదు. నీ వెనక ఒక్క లైటు కూడా ఉండదు. హైవే మీద లారీలుంటాయన్నా."

"సరేప్పా."

"హైదరాబాద్ రా ఒకసారి."

"వస్తాలే. నిదానంగా పో."

లలిత్ వెళ్లాడు. బస్సొకటి అడ్డం వచ్చింది. అది కదిలేసరికి రోడ్డు మీద ఆటోలే ఉన్నాయి.

దేవరాజ్ చందాపుర వైపు తిరిగాడు. గాలి ఎదురుగా కొట్టింది. కొంతదూరం పోయాక చక్రం గుంతలో పడింది. దిగి, చువ్వలు మీటాడు. ఏమీ కాలేదు. మళ్లీ ఎక్కాడు. రెండో గుంతను ముందే చూశాడు. తప్పించుకుంటూ ఎడమ చెయ్యి కిందికి చాపి, వేలితో చూపించాడు. వెనక పాల వ్యాను హారన్ కొట్టి దాటిపోయింది.

గదికి వచ్చి మంచం జరిపి, సైకిలును గోడకు ఆనించాడు. బూట్లు విప్పి మూలన పెట్టాడు. తలుపు మూశాక గది చీకటైంది. ఎర్ర లైటు ఆర్పుదామని వంగి, దాని చుట్టూ తడిమాడు. బటన్ ఎక్కడుందో దొరకలేదు. ఇన్నేళ్లూ దాన్ని చూస్తూ తొక్కాడు గానీ, ఎప్పుడూ చేత్తో ముట్టుకోలేదు. మంచం మీద పడుకున్నాడు.

సీటు కింద లైటు గోడ మీద ఎర్రగా వెలుగుతూ, ఆరుతూ ఉంది.