ఎలీసమ్మ అడుగదలచిన మాట

చైత్రమాసపు కడపటి దినములవి. రెండేండ్లుగా మేఘమను మాట మఱచిన యాకాశము కాగిన యినుప మూకుడు వలె పల్నాటి సీమపై బోర్లింపబడి యుండ నాగులేటి యిసుకలోని చెలమలు సైతము అడుగంటి పశువుల యెముకలు దారుల కిరువంకల తెల్లనై పడియుండ నల్లరాతి గుట్టల నుండి వెడలు వడగాడ్పు ప్రాణముగల ప్రతిదానిని పగవాని వలె తఱుముచుండెను.

ఆ గుట్టల నడుమ నున్న నల్లగుండ్లపాడను గ్రామమునకు పడమర క్రైస్తవులు నివసించు చిన్న పల్లె యొకటి కలదు. అందు డెబ్బదేండ్లు గడచిన ఎలీసమ్మయు ఆమె కోడలు దీనమ్మయు ఒక్క పూరియింట రెండు పొయ్యిలు వెలిగించుకొని యొకరి మొగ మొకరు చూడక బ్రతుకుచుండిరి. వెనుకటి యేటి చలికాలమున గత్తర యను వాంతిభేదుల రోగము సోకి ఎలీసమ్మకు ఏకపుత్రుడును దీనమ్మకు భర్తయు నైన సత్యానందము ఒకనాటి ప్రాతఃకాలమునను వాని నాలుగేండ్ల కూతురు కరుణ మఱునాటి సాయంకాలమునను ప్రాణములు విడిచిరి. గత్తర తగిలిన యిండ్లవారు బావిదరికి రాగూడదని ఊరివారు కఱ్ఱలు పట్టి కాచిన కాలమది. దాహము దాహమని నోరు తెఱచిన పసిబిడ్డ తల్లి యొడిలోనే చల్లబడెను.

ఆ దినము మొదలు దీనమ్మ ప్రార్థనామందిరపు గడప త్రొక్కలేదు. ఉపదేశి జకరయ్య ఓదార్ప వచ్చి మృతుల పునరుత్థానమును గూర్చి నోరు విప్పినంతనే ఆమె చేట చేతబట్టుకొని వాకిట నిలిచి “నా పిల్ల మట్టిలో ఉంది అయ్యగారూ. ఆ మాట నాకు చెప్పబాకండి. ఇంకోసారి మా గుమ్మంలోకి రాబాకండి” అని పంపివేసెను. ఊరివారిని ద్వేషించెను. దేవుని ద్వేషించెను. అందఱికంటె మిక్కుటముగా అత్తను ద్వేషించెను. ఏలయన ఎలీసమ్మ కన్నకొడుకును మనుమరాలిని పూడ్చిన నాటి రాత్రి సైతము గోడకు చేరగిలబడి ఎప్పటి వలెనే కీర్తన పాడెను. ఆ కీర్తన కోడలి చెవులకు నిప్పుకణికయై తాకినది. దుఃఖము లేని గుండె గనుకనే యిది పాడగలుగుచున్నదని ఆమె నిశ్చయించుకొని నాటినుండి యత్తతో పలుకుట మానెను.

కఱవు ముదిరి కూలి దొరకని యా వేసవిని పిచ్చయ్య యను మేస్త్రి కృష్ణకాలువ పనులకు మనుష్యులను చేర్చుకొనుచుండ దీనమ్మ తానును వత్తునని మాట యిచ్చెను. సోమవారము ప్రయాణము. కన్నులు మసకలు గ్రమ్మిన ముసలిది తాను వెడలిన పిదప ఏమి తిని బ్రతుకునన్న తలపు రాకపోలేదు. ఆ తలపు వచ్చినప్పుడు ఆమె మనస్సున నొక క్రూరమైన తృప్తి కలిగినదనుటయు సత్యమే.

ఆ సోమవారమునకు ముందటి దినమే పునరుత్థాన పండుగ. పండుగనాటి వేకువను సమాధుల తోటలో కూడి ప్రార్థించుట యా పల్లె యాచారము గనుక శనివారము ప్రొద్దుననే యెల్లరును పోయి తమతమ వారి సమాధులపై కలుపు పెఱికి సున్నము వేసి యెండ ముదురకముందే మరలి వచ్చిరి. ఎలీసమ్మ మాత్రము రాలేదు. మిట్టమధ్యాహ్నము దాటినను రాలేదు. పొరుగింటి యామె వచ్చి యీ వార్త చెప్పగా తిట్టుటకు పోవుచున్నదో చచ్చినదేమో చూచుటకు పోవుచున్నదో తనకే తెలియని దీనమ్మ కొంగు నెత్తిపై వేసికొని మండుచున్న దారిని బట్టి పోయెను.

ముసలిది చావలేదు. సున్నపు కుండ ప్రక్కన బెట్టుకొని మోకాళ్లపై నిలిచి పీచుకుంచెతో నొక సమాధికి సున్నము పూయుచుండెను. అయితే యది సత్యానందుని సమాధి కాదు. గత్తర దినములలో వీరి యింటికి నిప్పు పెట్టుడని వీథిలో కేకలు వేసి పిమ్మట తానును అదే రోగమున కూలిన గిద్యోను సమాధి.

పదునైదు మాసముల మౌనము విడిచి దీనమ్మ నవ్వెను. ఆ నవ్వున కనికరము లేదు.

“అది నీ కొడుకుది కాదు అత్తా. గిద్యోనుది. పొద్దుటినుంచి పగోడి గోరీకి పూస్తన్నావు.”

ఎలీసమ్మ చేయి నిలిచిపోయెను. క్షణకాలమునకు ఆమె “నా కొడుకుది ఏది? చూపించు” అనెను.

“చూపియ్యను. పాటలు పాడుకునేదానివి గదా. నీకెందుకు?”

“చూపియ్యవే. నిరుడు కళ్లు కనపడతా ఉండె. ఇప్పుడు కనపడట్లా.”

“నీకు ఏడుపే రాలా. కడుపుకోతే లేదు నీకు. నా బిడ్డ పోయిన రాత్రి పాడినావు.”

వృద్ధురాలు కుంచె నేలబెట్టెను. సున్నము కొఱికి ఆమె చేతులు పగిలియుండెను.

“నాకు కోపం లేదనుకున్నావా? నీకన్నా ఎక్కువుంది. నువ్వు ప్రభువుని వదిలేసి కూర్చున్నావు. నేను వదల్లా. లేపుతానని మాటిచ్చింది ఆయనే, నేను అడగలా. ఆ రోజున నా కొడుకు నా పక్కన నిలబడతాడు, నా మనవరాలు నా కొంగు పట్టుకుంటది. అప్పుడు ఆయన మొకం మీదే అడుగుతా, గుక్కెడు నీళ్లకి నోరు తెరిచిన పిల్ల నీకేం చేసిందయ్యా అని. సచ్చినోళ్లు సచ్చినట్టే పోతే ఇంక అడిగేదేడ? జవాబు చెప్పేదెవురు?”

వృద్ధురాలు పగిలిన యరచేతులను కోడలివైపు చాపెను.

“ఆయన చేతుల్లో మేకుల గాయాలు ఇంకా ఉన్నాయంట. అందుకే నాకు ధైర్యం. దెబ్బ తిన్నోడికి దెబ్బ సంగతి చెప్పొచ్చు. రోజూ పాడేది ఎందుకనుకున్నావు? నేనింకా ఇక్కడే ఉన్నా, మర్చిపోబాక అని చెప్పటానికి.”

వడగాడ్పు ఎండుగడ్డిని ఊడ్చుకొని పోయెను. దీనమ్మ వంగి యత్త మణికట్టు పట్టుకొని ముండ్లకంపను కాలితో త్రోయుచు తోట మూలకు నడిపించి మొదట పెద్ద సమాధిపైనను తరువాత దాని ప్రక్కనున్న చిన్నదానిపైనను ఆ చేతిని ఆనించెను. చిన్న సమాధిని తాకగానే ఎలీసమ్మ దానిపై పడి కంఠమెత్తి యేడ్చెను. అంతవఱకు ఎవరును వినని యేడుపది. కోడలు ఆమెను ఓదార్పలేదు. ప్రక్కనే కూలబడి తానును ఏడ్చెను. ఎండ వాలిన పిమ్మట ఇరువురును రెండు సమాధులకును సున్నము వేసిరి. మిగిలిన సున్నముతో ముసలిది గిద్యోను సమాధి యొక్క వేయని సగము కూడ ముగింపుమనగా దీనమ్మ తిట్టుచునే ముగించెను.

ఆ సాయంకాలమే ఆమె మేస్త్రికడకు పోయి అత్తను గూడ వెంట తెత్తుననెను. కన్ను కనపడని ముసలిదానితో పనేమని వాడు కసరుకొనెను.

“పొయ్యి ఊదుద్ది. నా కూట్లో సగం తింటది. వద్దంటే నేనూ రాను” అని ఆమె కదలక నిలువగా మనుష్యులు తక్కువైన మేస్త్రి గొణుగుచునే యొప్పుకొనెను.

ఆదివారపు వేకువ తూర్పు గుట్టపై వెలుగు గీత పొడమినంతనే సమాధుల తోటలో ఉపదేశి జకరయ్య చేతులెత్తి క్రీస్తు లేచెనని యెలుగెత్తెను. కఱవున క్రుంగిన జనులు ఆకలిగొన్న కంఠములతో నిజముగా లేచెనని బదులు పలికిరి. ఆ ధ్వని యణగిన పిమ్మట చిన్న సమాధి చెంత అత్త చేయి పట్టుకొని నిలిచిన దీనమ్మ ఒంటరిగా “లేచెను” అనెను. అందు సంతోషము లేదు. వినయమును లేదు. న్యాయసభ తలుపు తట్టి తన ఫిర్యాదు వినువఱకు కదలనని నిలిచిన దాని గొంతుకది. అది స్తోత్రమో సవాలో నిర్ణయింపజాలక ఉపదేశి యొక్కింతసేపు ఆమెవైపు చూచి తల వంచుకొనెను.